పడవ ఇంజను, నూనె డబ్బా

వేటకు పోవు చిన్న పడవలలో ఒకదానికి డీజిలు ఇంజను, ప్రక్క పడవకు వెనుక తగిలించిన పెట్రోలు ఇంజను, మరొకదానికి కిరోసినుతో నడచునది ఉండవచ్చును. ఇంజనులు వేరైనను, వాని నూనెలు మాత్రము ఒకే తీరు ప్లాస్టికు డబ్బాలలో రేవునకు వచ్చును. చిక్కంతయు అక్కడనే ఆరంభమగుచున్నది. కనుక ఇంజను మాటకన్న ముందు డబ్బా మాట చెప్పదలచినాము.

పెట్రోలు ఇంజనులో డీజిలు పడినచో అది సులభముగ ఆవిరి కాదు. ప్లగ్గు మసిబారును, పొగ వచ్చును, ఇంజను ఆగిపోవును. గొట్టములో మిగిలిన పాత పెట్రోలుతో కొన్ని నిమిషములు చక్కగా నడచి, అలలు దాటిన పిమ్మట ఆగుటయు కలదు. డీజిలు ఇంజనులో పెట్రోలు పడుట ఇంతకన్న నష్టకరము. ఆ ఇంజనులో నూనెను చిమ్ము పంపునకు డీజిలే కందెన. పెట్రోలునకు ఆ జిగురు లేదు. పంపు లోపల లోహము లోహమును ఒరయును.

అయినను మేము ఎక్కువగ భయపడునది మరొక పొరపాటునకు. టూ-స్ట్రోకు ఇంజనునకు పెట్రోలులోనే ఇంజనాయిలు కలుపవలెను. 50 పాళ్లకు 1 పాలు అని తయారీదారు చెప్పినచో, లీటరుకు 20 మిల్లీలీటర్లు, 10 లీటర్లకు 200. ఆయిలు కలుపని పెట్రోలు పోసినను ఇంజను వెంటనే లేచును, హుషారుగనే నడచును. తప్పు జరిగినదని చెప్పదు. కొంత దూరము పోయిన పిమ్మట పిస్టను వేడెక్కి సిలిండరులో బిగిసికొనును. ఒడ్డు కనబడని చోట అది జరిగినచో ఇక తెడ్డే దిక్కు. ఫోర్-స్ట్రోకు ఇంజనునకు ఆయిలు వేరుగ పోయుదురు. దాని పెట్రోలులో కలుపరాదు. పైకి రెండును ఒకే తీరున కనబడును. పాత ఇంజను కొనువారు ధర గురించి గంటసేపు బేరమాడుదురు గాని, ఈ ఒక్క ప్రశ్న అడుగుట మరతురు.

2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతము ఎథనాలు కలుపుట వ్యాపించినది. ఎథనాలు నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినచో రెండును కలిసి అడుగునకు దిగును; ఆయిలు పై పెట్రోలులోనే నిలుచును. ఇంజను గొట్టము పీల్చునది అడుగుననే గదా! కావున డబ్బా మూత బిగువుగ ఉండవలెను, కలిపిన పెట్రోలును నెలల తరబడి నిలువ ఉంచరాదు.

డబ్బాలకు రంగులు వేయుట మంచిదే. కాని తెల్లవారకముందు బయలుదేరువారికి రంగు కనబడదు. పిడికి త్రాడు కట్టి ముడులు వేయుడు: పెట్రోలునకు ఒకటి, ఆయిలు కలిపినదానికి రెండు, డీజిలునకు మూడు. చీకటిలో చేతికే తెలియును. ఏ నూనె గరాటు దానికే ఉంచుడు. ఆయిలు కలుపుట ముందునాటి సాయంకాలము, వెలుతురులో ముగింపుడు.

తప్పు నూనె పోసినట్లు తెలిసినచో, ఒక్కసారి చూతమని ఇంజను త్రాడు లాగరాదు. లాగనంతవరకు ఆ నూనె టాంకులోనే ఉండును. లాగినచో లోనికి పోవును. టాంకు, గొట్టము, ఫిల్టరు, కార్బ్యురేటరు గిన్నె ఖాళీచేసి, మంచి నూనెతో కడిగి నింపవలెను. డీజిలు ఇంజనైనచో గొట్టములోని గాలియు తీయవలెను. ఈ పని జరుగుచున్నంతసేపు చుట్ట, బీడి దగ్గరకు రారాదు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు. పడవ అడుగున చేరి నిప్పుకొరకు కాచుకొని యుండును.

తీసిన నూనె ఇంటికి పోరాదు. కిరోసిను పొయ్యియో, బుడ్డి దీపమో ఉన్న ఇంటిలో, “కొంచెమే గదా కలిసినది” అని అందులో పోసిన పెట్రోలు భగ్గున అంటుకొనగలదు. డబ్బాలను రేవునకు మోయునది, కడుగునది పెక్కు ఇండ్లలో స్త్రీలును పిల్లలును. ఆ ముడుల లెక్క మొదట వారికి చెప్పుడు.