చేపలకు కసరత్తు నేర్పితే మనకేం తెలిసింది?

డ్యూటీ ముగించుకుని రూముకు చేరారనుకుంటా. ఈ వారం ఒక చిన్న చేప గురించి మాట్లాడుకుందాం.

నాకు వచ్చే వాయిస్ మెసేజీల్లో తరచూ వినిపించే మాట ఇది: "పొద్దున్నుంచి బస్తాలు మోస్తున్నం, మెట్లెక్కి దిగుతున్నం. మళ్లీ మాకు వ్యాయామం ఎందుకన్నా?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబులో కొంత ఈ చేప దగ్గర దొరుకుతుంది.

దాని పేరు జీబ్రా చేప. మూడు నాలుగు సెంటీమీటర్లుంటుంది. ఒంటి పొడవునా నీలం చారలు. ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్‌లలో వాగుల్లో, వరి మళ్లలో తిరిగే చేపే. 1970లలో అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త దీని మీద పరిశోధన మొదలుపెట్టాడు. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో సరిజోడు ఉందని 2013లో తేలింది. కండరం ఎలా పెరుగుతుంది, గుండె ఎలా పనిచేస్తుంది అని తెలుసుకోవడానికి అందుకే దీన్ని వాడతారు.

మరి చేపతో కసరత్తు చేయించేదెట్లా? ఒక గొట్టంలో మోటారుతో నీళ్లు పారిస్తారు. ప్రవాహానికి ఎదురీదడం చేప స్వభావం. వేగం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు. ఇక ఈదలేక వెనక్కి కొట్టుకుపోయిందంటే, అదే దాని హద్దు.

2010లో నెదర్లాండ్స్, స్పెయిన్ పరిశోధకులు 83 చేపలను ఇలా ఈదించారు. ఇంకో 84 చేపలను ఊరికే ఉంచారు. రోజుకు 6 గంటలు, వారానికి 5 రోజులు, 4 వారాలు. చివరికి ఈదిన చేపలు ఊరికే ఉన్నవాటికంటే 5.6 శాతం పొడవు, 41 శాతం బరువు ఎక్కువున్నాయి. చేపలు పెద్దయ్యాక కూడా పెరుగుతాయి, మనం పెరగం. కాబట్టి ఈ అంకెలు మనకు అన్వయించుకోకూడదు.

మనం చూడాల్సింది వాళ్లు ఈదించిన పద్ధతి. చేపను దాని హద్దు దాకా తోయలేదు. హద్దులో సుమారు 72 శాతం వేగంతోనే ఈదించారు, ఎందుకంటే శక్తి వృథా కాకుండా ఈదగలిగే వేగం అదే. రోజూ మిగతా 18 గంటలు విశ్రాంతి. వారంలో రెండు రోజులు పూర్తిగా సెలవు. శిక్షణ అంటే ఇది: తగినంత శ్రమ, దాని తర్వాత తగినంత విశ్రాంతి.

ఇప్పుడు మన డ్యూటీ చూడండి. వేగం మన చేతిలో లేదు, ఫోర్‌మన్ చేతిలో ఉంది. ఓవర్‌టైం ఉంటే విశ్రాంతి తగ్గుతుంది. పైన ఎండ. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు ఇచ్చినంత మేలు బరువు పని ఇవ్వదని, కొన్నిసార్లు హాని కూడా చేస్తుందని మనుషుల మీద జరిగిన చాలా అధ్యయనాలు సూచిస్తున్నాయి. గంటల తరబడి బరువులెత్తితే రక్తపోటు ఎక్కువసేపు పైనే ఉంటుంది, కోలుకునే సమయం దొరకదు అని పరిశోధకులు కారణం చెబుతున్నారు.

అంటే మీరు బద్ధకస్తులని కాదు. మీ ఒంటికి శ్రమ తక్కువ కాలేదు, విశ్రాంతి తక్కువైంది. బరువు పని చేసేవాళ్లు సాయంత్రం మళ్లీ డంబెల్స్ ఎత్తాల్సిన పనిలేదు. నీళ్లు, వేళకు తిండి, కంటినిండా నిద్ర ముందు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం. ఆ రెండున్నర గంటలు ఫోన్ పక్కనపెట్టి నడుం వాల్చండి. సెలవు రోజున, చల్లబడ్డాక, మాట్లాడగలిగేంత వేగంతో అరగంట నడవండి.

డ్రైవర్లు, సెక్యూరిటీ, కౌంటర్ పని చేసే అన్నలూ అక్కలూ, మీది వేరే లెక్క. మీరు ఊరికే ఉంచిన చేపల గుంపులో ఉన్నారు! ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

ఎవరికైనా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే మాత్రం ఓర్చుకోవద్దు. పని ఆపండి, నీడకు రండి, పక్కవాళ్లకు చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒకరోజు జీతం పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

మీ పని ఏంటో, ఎన్ని గంటలు నిద్రపోతున్నారో వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.