నీటికంటె ముందు చేరవలసిన వార్త

పులివెందుల ప్రాంతమునకు నీరిచ్చు చిత్రావతి జలాశయము జిల్లా సరిహద్దున పార్నపల్లెవద్ద ఉన్నది. అచ్చట వదలిన నీరు గండికోటవద్ద పెన్నానదిలో కలియును. గండికోట జలాశయమునకు దిగువన మైలవరము ఆనకట్ట, పిమ్మట జమ్మలమడుగు, ఆపైని ప్రొద్దుటూరు ఉన్నవి. ఈ మూడు చోట్లకు అధికారులు వేరైనను నీటి త్రోవ ఒక్కటే. ఎగువన గేట్లు ఎత్తిన పిమ్మట దిగువకు నీరు చేరులోపల ఎవరు ఏమి చేయవలెను? ఈ విషయమునే నేడు మనము విచారింతము.

మన సీమ యనగానే అందరకు కరవే జ్ఞాపకము వచ్చును. 1876–78 నాటి ధాతు కరవులో కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలు ఘోరముగా దెబ్బతిన్నవి. ఆ అనుభవమువలన 1878లో కరవు కమిషను, తరువాత కరవు నిబంధనావళులు ఏర్పడినవి. కరవు గుర్తులను గమనించువారెవరు, పై అధికారికి తెలుపువారెవరు, పనులు తెరచువారెవరు అనునది ముందే నిర్ణయించుట వాని సారము. కరవు నెలల తరబడి నడచివచ్చును. వరద ఒక్క రాత్రిలో వచ్చును. కనుక వరద విషయమున ఇట్టి ముందటి ఏర్పాటు మఱింత అవసరము.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ఈ బాధ్యతలను పంచిపెట్టినది. జాతీయ సంస్థకు ప్రధానమంత్రి, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి అధ్యక్షులు. జిల్లాలో కలెక్టరు అధ్యక్షుడు, స్థానిక సంస్థనుండి ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షుడు. పోలీసు సూపరింటెండెంటును, జిల్లా ముఖ్య వైద్యాధికారియు సభ్యులు. మన రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో నూటికి 75 వంతులు కేంద్రమును, 25 వంతులు రాష్ట్రమును భరించును. విధానము, ధనము, రక్షణ బలగము పైనుండి రావచ్చును. ఫలానా వీధిని ఈ గంటలో ఖాళీ చేయవలెనను నిర్ణయము మాత్రము ఢిల్లీనుండి రాదు. అది జిల్లాలోనే జరుగవలెను.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరుపైని అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట ప్రాంతమున పులపుత్తూరు, మందపల్లి మున్నగు గ్రామములు మునిగి, ప్రాణనష్టము జరిగినది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్రమంత్రి పార్లమెంటులో చెప్పిరి. గేటుకు వేసవిలో చేయవలసిన మరమ్మతు సైతము విపత్తు నిర్వహణలో భాగమేయని దీనివలన మనకు తెలియుచున్నది. ఆ డిసెంబరు 30న అమలునకు వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టము, నిర్దిష్టమైన ప్రతి ఆనకట్టకును 5 ఏండ్లలోపున అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండవలెనని విధించినది.

అయితే ప్రణాళిక కాగితముమీద ఉన్నంతమాత్రమున చాలదు. ఇన్ని వేల క్యూసెక్కులు వదలుచున్నామని ఇంజనీరు చెప్పుట అతని ధర్మము. కాని ఆ లెక్క ఏటిగట్టున కాపురమున్న ఇల్లాలికి బోధపడదు. నీరు ఎంతవరకు వచ్చునో, ఎన్ని గంటలకు వచ్చునో, ఏ బడిలో తలదాచుకొనవలెనో ఆమెకు తెలియవలెను. క్యూసెక్కుల లెక్కను ఈ మాటలలోనికి మార్చుట తహసీలుదారు పని. దానిని దండోరాతో, టెలిఫోనుతో ఇంటింటికి చేర్చుట పురపాలక సంఘమువారి, గ్రామోద్యోగుల పని. నీరు పారు వంతెనపైకి బండ్లను పోనీయకుండుట పోలీసువారి వంతు. వీరిలో ఒక్కరు తమవంతు మఱచినను వార్త నడిమధ్యనే నిలిచిపోవును.

మనవంతును కలదు. చెప్పిన గంటకు ఇల్లు విడుచుట, వృద్ధులను ముందు పంపుట, ఏటి పోరంబోకులో కొత్తగా కట్టడములు లేపకుండుట మన చేతిలోనివే. ఇక అధికారులను మనము కోరవలసినది ఒకటి కలదు. ఏటేట వానకాలమునకు ముందు ఒక దినమున, పార్నపల్లెనుండి ప్రొద్దుటూరువరకు ఈ హెచ్చరికను ఉత్తుత్తిగా పంపి, కడపటి ఇంటికి అది ఎన్ని నిమిషములలో చేరినదో లెక్కకట్టి, ఆ లెక్కను ఊరివారి యెదుట చదివి వినిపించవలెను.