గోరు కాదు, వేలు

(రేడియో ప్రసంగ పాఠము)



ఈ మధ్య ఒక తల్లి మన కార్యక్రమానికి ఉత్తరం వ్రాశారు. "అయ్యగారూ, మా అబ్బాయి, కోడలు అమెరికాలో ఉంటున్నారు. పిల్లలు ముచ్చటపడితే ఒక పిల్లిని తెచ్చారు. అది కొత్త సోఫా అంతా గోకి పాడుచేసిందట. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి గోళ్ళు తీయించేస్తామంటున్నారు. ఇంట్లో చంటిబిడ్డ కూడా ఉంది. ఇందులో తప్పేమైనా ఉందా అండీ? నా మనసెందుకో ఒప్పుకోవడం లేదు" అని అడిగారు.

పిల్లి గోళ్ళ గురించి ప్రసంగమా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మన ఊళ్ళలో పిల్లి తనంతట తానే వస్తుంది, ఇన్ని పాలు పోస్తే తాగుతుంది, గోడ దూకి వెళ్ళిపోతుంది. దానికి ఆపరేషను చేయించాలనే ఆలోచన మనకెవరికీ రాదు. అయితే మన బిడ్డలెందరో ఈనాడు ఆ దేశంలో కాపురముంటున్నారు. అక్కడ చాలా పిల్లులు నాలుగు గోడల మధ్యనే బ్రతుకుతాయి. కాబట్టి ఈ ప్రశ్న మన ఇళ్ళలోకి కూడా వచ్చింది. పైగా ఈ చిన్న ప్రశ్నలో పెద్ద ప్రశ్న ఒకటి దాగి ఉంది. నోరులేని ఒక ప్రాణి మన చేతిలో ఉన్నప్పుడు, దాని శరీరము మీద మనకు ఎంత అధికారమున్నది? ఈ సంగతి కొంచెం ఓపికగా ఆలోచన చేద్దాం.

మొదటిగా, అసలు అక్కడ జరిగేదేమిటో తెలుసుకోవాలి. "గోళ్ళు తీయించడం" అనగానే మనకు మంగలి దగ్గర గోళ్ళు తీయించుకోవడం గుర్తుకొస్తుంది. రెండు నిమిషాల పని, నొప్పి లేదు, వారానికి మళ్ళీ పెరుగుతాయి. కానీ ఇది అది కాదు. మన గోరు వేలి మాంసము మీద పెరుగుతుంది. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుండే పెరుగుతుంది. అది మరల రాకుండా చేయాలంటే ఆ ఎముకనే తీసివేయాలి. అంటే ఆ కణుపు దగ్గర ఎముకను పట్టి ఉంచే స్నాయువులను, నరాలను కోసి, ఒక్కొక్క వేలి చివరి ఎముకను వేరుచేస్తారు. మీ చెయ్యి ఒకసారి చూచుకోండి. గోటికి క్రిందనున్న మొదటి కణుపు దగ్గర పది వేళ్ళనూ తెగగొట్టినట్లు ఊహించుకోండి. పిల్లి ముందరి పాదాలకు అయిదేసి వేళ్ళు, వెనుక పాదాలకు నాలుగేసి. సాధారణంగా ముందరి పాదాల పది వేళ్ళకూ ఈ ఆపరేషను చేస్తారు. కొందరు కత్తితో చేస్తారు, కొందరు లేజరుతో చేస్తారు. పనిముట్టు మారింది గాని తీసివేసేది మారలేదు. అది గోరు కాదు ప్రియులారా, వేలు.

దీనికి మెత్తని పేరు పెట్టుకున్నాము గనుకనే తేలికగా అడుగగలుగుచున్నాము. "మా సోఫా పాడవుతోంది, దీని పది వేళ్ళ చివరలు నరికి ఇవ్వండి" అని డాక్టరును అడుగగలిగినవారు ఎందరుంటారు? చేయబోయే పనిని దాని అసలు పేరుతో పిలవడానికి సంకోచం కలిగినప్పుడు, ఆ పని దగ్గరే కాసేపు ఆగవలసి ఉంటుంది.

రెండవదిగా, పిల్లి ఎందుకు గోకుతుంది? దానికి మన సోఫా మీద కోపమా? కాదు. పిల్లి అరికాలు నేలకానించి మనలాగా నడవదు, వేళ్ళ మీద నడుస్తుంది. గోళ్ళు దేనికైనా తగిలించి లాగినప్పుడు దాని భుజాలు, వెన్ను సాగుతాయి. పాతబడిన గోటి పెంకు ఊడి క్రొత్త గోరు బయటపడుతుంది. పాదాలలోని గ్రంథుల వాసన ఆ చోట అంటుకొని, ఇది నా చోటు అని దానికి ధైర్యమిస్తుంది. ఎక్కడానికి, పట్టుకోవడానికి, కుక్క తరిమితే ప్రాణము కాపాడుకోవడానికి దానికున్నవి ఆ గోళ్ళే.

సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో బిలాము గాడిద సంగతి మీకు తెలుసు. అది దారి తప్పి పొలంలోకి పోయింది, గోడకు ఒరుసుకుంది, చివరకు కూలబడింది. బిలాము మూడుసార్లు దానిని కొట్టాడు. యజమానికి కనబడినది మొండితనము. గాడిదకు కనబడినది ఎదుట నిలిచిన దేవదూత. దాని ప్రవర్తనకు ఒక కారణమున్నది, ఆ కారణము వల్లనే యజమాని ప్రాణము దక్కింది. ఎక్కువ చదువుకున్నవాడు బిలాము, ఎక్కువ చూచినది గాడిద. మన ఇంటిలోని జంతువు చేసే పని మనకు నచ్చనప్పుడు, కర్ర తీయక ముందు, కత్తి తీయించక ముందు, దీనికి ఏదైనా కారణమున్నదా అని అడగడం మన బాధ్యత.

మూడవదిగా, ఈ ఆపరేషనును సమర్థించేవారి మాటలు కూడా న్యాయంగా వినాలి. వారందరూ కఠినులు కారు. చాలామంది తమ పిల్లిని ప్రేమించేవారే.

వారి బలమైన మాట ఇది: "గోళ్ళు తీయించకపోతే ఆ పిల్లిని ఇంట్లో ఉంచుకోలేము. షెల్టరులో వదిలేయాలి. అక్కడ ఎవరూ తీసుకోకపోతే దానికి చావే. చావుకంటే ఇది మేలు కదా?" ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అయితే తరువాత ఏమి జరుగుతుందో చూడండి. 2018లో ఒక పశువైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆపరేషను అయిన 137 పిల్లులను, కాని 137 పిల్లులను పోల్చి చూశారు. ఆపరేషను అయినవాటిలో ఇసుక పెట్టె బయట మలమూత్రాలు చేసే అవకాశము సుమారు ఏడు రెట్లు, కరిచే అవకాశము నాలుగున్నర రెట్లు, వెన్నునొప్పి అవకాశము దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనబడింది. ఎక్స్‌రే తీస్తే వాటిలో 63 శాతము పిల్లుల పాదాలలో ఎముక ముక్కలు మిగిలి ఉన్నాయి. ఆపరేషను శుభ్రంగా చేసిన పిల్లులలో బాధలు తగ్గాయి గాని, కరవడము, ఇల్లు పాడుచేయడము మామూలు పిల్లులకంటే ఎక్కువగానే ఉన్నాయి. ఒక్క అధ్యయనముతో అన్నీ తేలిపోవు. అయినా ఇందులోని తర్కము సామాన్యులకు కూడా అర్థమవుతుంది. నొప్పిగా ఉన్న వేళ్ళతో ఇసుక గీరలేని పిల్లి మెత్తని తివాచీని వెదుక్కుంటుంది. గోళ్ళు లేని పిల్లి పళ్ళకు పని చెబుతుంది. అప్పుడు ఏ పిల్లిని ఇంట్లో నిలుపుకోవడానికి వేళ్ళు తీయించారో, ఆ పిల్లే ఇంటికి భారమవుతుంది. షెల్టరు ద్వారము మూసుకుపోలేదు, ఇంకొక దారిలో తెరుచుకున్నది.

రెండవ మాట, చంటిబిడ్డ. ఆ తల్లి భయము సహజము. కానీ పిల్లి కాటు గోటి గాటుకంటే లోతుగా దిగుతుంది, త్వరగా చీము పడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గిన హెచ్.ఐ.వి. రోగుల కొరకు అమెరికాలో వ్రాసిన వైద్య మార్గదర్శకాలు సైతం పిల్లి గోళ్ళు తీయించుమని చెప్పవు. పిల్లితో మోటుగా ఆడవద్దు, గాటు పడితే వెంటనే కడుక్కోండి, పిల్లికి గోమార్లు పట్టకుండా చూడండి అని చెబుతాయి. బిడ్డను, పిల్లిని ఒంటరిగా ఒకచోట వదలకుండా చూచుకోవడం పెద్దల పని. మన పనికి బదులు పిల్లి వేళ్ళు ఇవ్వడం న్యాయమా?

ఇప్పుడు పశువైద్యుని సంగతికి వద్దాం. ప్రియులారా, ఆయన స్థితి కష్టమైనది. మన డాక్టరు ఎవరి శరీరము ముట్టుకుంటాడో వారి సమ్మతి తీసుకుంటాడు. పశువుల డాక్టరు ఒకరి శరీరము మీద కత్తి పెడతాడు, సమ్మతి మరొకరి దగ్గర తీసుకుంటాడు, రుసుము కూడా వారే ఇస్తారు. పడిపోయిన సంతకములో పిల్లి మాట లేదు. వేలిలో పుండు, గడ్డ ఉండి ఆ వేలిని తీసివేస్తే అది వైద్యము, సందేహము లేదు. కానీ ఆరోగ్యముగా ఉన్న పది వేళ్ళను కుర్చీల కొరకు తీయడం ఎవరికి చేసే వైద్యము? అక్కడ రోగి ఎవరు?

అమెరికాలోని వెస్ట్ హాలీవుడ్ అనే నగరము 2003లో ఈ ఆపరేషనును నిషేధించింది. ఆ దేశములో మొదటిగా నిషేధించిన నగరమదే. రాష్ట్రము లైసెన్సు ఇచ్చిన పనిని నగరము ఎలా ఆపుతుందని కాలిఫోర్నియా పశువైద్యుల సంఘము కోర్టుకు వెళ్ళింది. 2007లో అప్పీలు కోర్టు నగరము పక్షముగా తీర్పు చెప్పింది. అయితే పశువైద్యులందరూ ఒక పక్షము కాదు. జెన్నిఫర్ కాన్రాడ్ అనే పశువైద్యురాలు, గోళ్ళు తీసివేయబడి కుంటుతున్న సింహాలకు, పులులకు పాదాలు సరిచేసే ఆపరేషన్లు చేస్తూ, ఈ పద్ధతిని ఆపడానికి పోరాడారు. లైసెన్సు చేతికి అనుమతి ఇస్తుంది గాని మనస్సాక్షికి సెలవు ఇవ్వదు అని ఆమె వంటివారు చూపించారు. 2019లో న్యూయార్క్ రాష్ట్రము, 2022లో మేరీలాండ్, 2024లో వర్జీనియా వైద్య అవసరము లేని ఈ ఆపరేషనును చట్టముతో ఆపాయి. ఇంగ్లండులో 2006 నాటి జంతు సంక్షేమ చట్టము క్రింద ఇది నేరము. ఇశ్రాయేలు 2011లో నిషేధించింది. అమెరికా పశువైద్యుల సంఘము 2020లో ఈ ఆపరేషను వద్దని నిరుత్సాహపరుస్తూనే, తుది నిర్ణయము డాక్టరు విచక్షణకు వదిలింది. అంటే చట్టము లేనిచోట ఇంకా ఇద్దరి మనస్సాక్షియే కాపలా: డాక్టరుది, యజమానిది.

మన దేశము సంగతి కూడా ఒక మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము జంతువు అంగములను ఛేదించడం నేరమని చెప్పింది. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయల వరకు అని వ్రాశారు. ప్రాణుల పట్ల దయ కలిగి ఉండడం పౌరుల ప్రాథమిక విధి అని మన రాజ్యాంగము 51ఎ అధికరణము చెబుతుంది. యాభై రూపాయల భయముతో ఎవరూ దయగలవారు కాలేరు. దయ ఇంట్లో నేర్చుకోవలసినది.

ఆదికాండములో దేవుడు నరునికి జీవుల మీద అధికారమిచ్చాడు, నిజమే. ఆ వెంటనే రెండవ అధ్యాయములో తోటను సేద్యపరచి కాచే పని కూడా ఇచ్చాడు. తోటమాలి చేతిలో కత్తి ఉంటుంది, తోట మాత్రము అతనిది కాదు. సామెతల గ్రంథము 12వ అధ్యాయము నీతిమంతుని గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు చెబుతుంది. గుడిలో అతడెంతసేపు ప్రార్థించాడని కాదు, తన పశువు ప్రాణము పట్ల ఎలా ఉన్నాడన్నదే ఆ ఆనవాలు. నూర్చే ఎద్దు మూతికి చిక్కము కట్టవద్దని ధర్మశాస్త్రము చెప్పినప్పుడు, రైతుకు కొన్ని గింజల నష్టము తప్పదని దేవునికి తెలియదా? తెలుసు. ఆ కొద్ది నష్టము మనము భరించాలని ఆయన ఉద్దేశము. సోఫా మీద నాలుగు గీతలు కూడా అటువంటి గింజలే.

మరి ఆ ఇంటివారు ఏమి చేయాలి? మార్గాలున్నాయి. నారతాడు గట్టిగా చుట్టిన కొయ్యను, పిల్లి నిలువునా ఒళ్ళు సాచుకునేంత ఎత్తుగా, కదలకుండా, అది గోకే సోఫా ప్రక్కనే నిలబెట్టండి. దానిని గోకినప్పుడు మెచ్చుకొని ఏదైనా తినిపించండి. సోఫా అంచులకు కొంతకాలము దుప్పటి కప్పండి. రెండు మూడు వారాలకొకసారి గోటి కొన మాత్రమే కత్తిరించండి. గులాబీరంగుగా కనబడే భాగములో నరము, రక్తము ఉంటాయి, అక్కడ ముట్టుకోవద్దు. గోళ్ళకు తొడిగే మెత్తని తొడుగులు కూడా దొరుకుతాయి. అద్దె ఇంటి యజమాని గోళ్ళు తీయిస్తేనే ఉండనిస్తానంటే, కాలిఫోర్నియాలో అలా షరతు పెట్టకూడదని 2012లోనే చట్టము చేశారు. మీ రాష్ట్రములో చట్టమేమిటో కనుక్కోండి. ఇవన్నీ చేసినా కుదరకపోతే, దానిని ఉన్నది ఉన్నట్లుగా ప్రేమించగల మరొక ఇల్లు వెదకండి. ఇంకా పిల్లిని తెచ్చుకోనివారైతే, తెచ్చుకోక ముందే నిర్ణయించుకోండి: గోళ్ళులేని పిల్లి కావాలనుకుంటే మనకు కావలసినది పిల్లి కాదు, బొమ్మ.

ఇప్పటికే ఈ ఆపరేషను చేయించినవారు ఈ మాటలు వింటుంటే, కృంగిపోవద్దు. మీకు ఎవరూ విడమరచి చెప్పి ఉండకపోవచ్చు. ఆ పిల్లి కుంటుతున్నదేమో, ఇసుక ముట్టుకోవడానికి వెనుకాడుతున్నదేమో చూచి డాక్టరుకు చూపించండి. మెత్తని ఇసుక పెట్టండి. బయట ఒంటరిగా వదలకండి. అది కరిస్తే కోపపడక ముందు, నొప్పియేమో అని ఆలోచించండి.

ప్రియులారా, పిల్లి తన నొప్పిని దాచుకునే ప్రాణి. అది బిలాము గాడిదవలె నోరు తెరచి మనలను ప్రశ్నించదు. ప్రశ్నించలేని వారిపట్ల మనమెలా ఉంటామో, అదే మన అసలు రూపము. పిల్లి దగ్గర నేర్చుకున్న ఈ పాఠము మంచము పట్టిన వృద్ధుల దగ్గర, మాటలురాని పసిబిడ్డల దగ్గర, ఎదురు చెప్పలేని పనివారి దగ్గర కూడా మనకు పనికివస్తుంది.

ఉత్తరము వ్రాసిన అమ్మగారూ, మీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణమున్నది. ఆ మాట మీ అబ్బాయితో ప్రేమగా, త్వరగా చెప్పండి.

అట్టి దయగల హృదయమును ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.