సిపాయి మనుమడికి కమ్మరి కత్తి
(సంఘం దసరా సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆయుధపూజ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ముప్పై మూడేండ్లు ఫైళ్ళు రాసిన గుమాస్తాకు కలం తప్ప ఆయుధమేముంటుందని మీరు నవ్వవచ్చు. కాని నిరుడు మేము దగ్గరుండి ఒక కత్తి చేయించాము. ఆ సంగతే చెబుతాను.

మా మేనకోడలి కొడుకు సైన్యంలో సిపాయి. దసరా సెలవుకు వచ్చి, పండుగ కాగానే లద్దాఖ్ పోవాలన్నాడు. ఆ పేరు వినగానే వాళ్ళమ్మ ముఖం వాడిపోయింది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో కలిపి ఇరవై మంది అమరులైన సంగతి ఏ తల్లి మరిచిపోతుంది?

ఏం కావాలిరా అని అడిగితే వాడు, "తుపాకి సర్కారు ఇస్తది తాతా. తాళ్ళు కొయ్యడానికి, కూరగాయలు తరగడానికి ఒక మంచి కత్తి ఉంటే చాలు. బజారువి వంగిపోతున్నయి" అన్నాడు. పైవాళ్ళను అడిగి అనుమతి కూడా తీసుకున్నాడట.

శ్రీరాంపూర్ పక్క పల్లెలో ఇంకా కొలిమి ఆరని కమ్మరి ఒకాయన ఉన్నాడు. నాకంటె రెండేండ్లు పెద్ద. మన చుట్టూ బొగ్గు బావులే, అయినా ఆయన రాక్షసి బొగ్గు ముట్టడు. దాంట్లో గంధకం ఉంటుంది, ఇనుము చెడుతుందని కట్టె బొగ్గే వాడతాడు. లారీ కమాను కట్ట విరిగిన ముక్క ఒకటి తీసి, "దీన్ని మించిన ఉక్కు మనకు దొరకదు" అన్నాడు.

మోదుగుపువ్వు రంగుకు కాగితే సమ్మెట దెబ్బ. రూపం వచ్చాక మళ్ళీ కాచి, పండిన రేగుపండు రంగులో అయస్కాంతం ఆనించి చూశాడు. అంటుకోలేదు. వెంటనే నూనెలో ముంచాడు. అప్పుడు ఆకురాయి పెడితే జారిపోయింది. గట్టిపడిందన్నమాట, కాని గాజులాగా పెళుసు. మెరిసేటట్టు రుద్ది, అలుగు మీద ఎండుగడ్డి రంగు తేలేదాకా సన్నని సెగ చూపించాడు. ఈ రంగుల లెక్క ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, తండ్రి పక్కన తిత్తి ఊదుతూ నేర్చింది.

నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ పని కళ్ళారా చూసిన డాక్టర్ వాయిసీ రాత 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. 2010లో బెంగుళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి పాత కొలుముల చిట్టెపు దిబ్బలు నమోదు చేశారు. ఆ ముచ్చట చెబితే కమ్మరి అన్న, "ఆ దిబ్బల మీదనే ఆడుకున్నం" అని ఊరుకున్నాడు.

గుమాస్తా బుద్ధి పోదు గదా, కొలత చూశాను. ఇంటి పనికి, సేద్యానికి కానివైతే, అలుగు తొమ్మిది అంగుళాల పొడవు గాని రెండంగుళాల వెడల్పు గాని దాటితే ఆయుధ నిబంధనల జాబితాలోకి వస్తాయి. మాది ఐదంగుళాలే. తుమ్మకర్ర పిడి, ఇత్తడి మేకులు, తోలు ఒర. విమానంలో చేతిసంచిలో పోనివ్వరు కాబట్టి పెట్టెలో సర్దమన్నాను.

అసలు చిక్కు మేనకోడలితో వచ్చింది. "పోయే పిల్లగానికి కత్తి ఇస్తరా మామయ్యా? తెగిపోతదంటరు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. నాకు జవాబు తోచలేదు. కత్తి తెచ్చిన కమ్మరి అన్నే అన్నాడు: "వీడు పుట్టినప్పుడు నీ తలాపున కొడవలి పెట్టిన్రు గదా బిడ్డా. గప్పుడు భయపడ్డవా? గిదీ గదే అనుకో."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి పసుపు, కుంకుమ తెచ్చింది. పండుగనాడు నా కలం పక్కనే ఆ కత్తిని పెట్టి పూజ చేశాము. చేతికి ఇవ్వకుండా పళ్ళెంలో జమ్మి ఆకు మీద పెడితే వాడే తీసుకున్నాడు. వాడు బయలుదేరే నాడు ఆమె తన పాత చీర చెంగు చింపి, ఒరకు చుట్టి, తానే పెట్టెలో పెట్టింది.

మొన్న ఫోను చేశాడు. ఉల్లిగడ్డలు కొయ్యడానికి అందరూ ఆ కత్తినే అడుగుతున్నారట. వాళ్ళ హవల్దారు తనకూ ఒకటి కావాలన్నాడట. కమాను ముక్క కొలిమి పక్కన సిద్ధంగా ఉన్నది. కమ్మరి అన్న కొడుకులిద్దరూ బొగ్గుబావి డ్యూటీల్లో ఉన్నారు, సమ్మెట కొట్టేవాళ్ళు లేరు. ఆదివారం పూట తీరికున్న మనుమలు మీ ఇండ్లలో ఎవరైనా ఉంటే, సభ కాగానే నాతో చెప్పండి.