కానరాని కేంద్రకము



కృష్ణలో పడవ నడపువాడు నీటి అడుగును చూడలేడు. గడ దించి, అది తగిలిన చోటును, తగులని చోటును గ్రహించి లోతు చెప్పును. పరమాణువు లోపలి నిర్మాణమును శాస్త్రజ్ఞులు తెలిసికొన్న మార్గమును ఇట్టిదే.

1897లో థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనుటతో పరమాణువు విభజింపరానిదను నమ్మకము సడలెను. ధనవిద్యుత్తు పరమాణువంతట వ్యాపించి యుండుననియు, ఎలక్ట్రానులు అందు పొదిగి యుండుననియు ఆయన తలచెను. 1909లో మాంచెస్టరునందు, రూథర్‌ఫర్డు ప్రయోగశాలలో గైగర్, మార్స్‌డెన్ అనువారు పలుచని బంగారు రేకుపై ఆల్ఫా కణములను ప్రయోగించిరి. పెక్కు కణములు సూటిగా దాటిపోయెను; వేలలో ఏదో యొకటి వెనుకకు మరలెను. మరలినదానిని పొరపాటని త్రోసివేయక, పరమాణువులో అధికభాగము శూన్యమనియు, ద్రవ్యరాశి దాదాపు అంతయు నడిమి కేంద్రకముననే యున్నదనియు 1911లో రూథర్‌ఫర్డు నిర్ణయించెను. ఆ కేంద్రకమునందలి న్యూట్రానును 1932లో చాడ్విక్ కనుగొనెను.

ఆ చాడ్విక్ వద్ద లివర్‌పూలులో పరిశోధన చేసినవారిలో మన తెలుగువారొకరు కలరు. 1896లో భీమవరము చెంత గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానంద సన్యసించి, హిమాలయములలో తపమాచరించి, పిదప యూరపులో భౌతికశాస్త్రము నభ్యసించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసిరి.

పల్లెలో పుట్టినవారికి ఈ విద్య దూరము కాదు. ఈ గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు “ఇది యెట్లు తెలిసినది?” అని యడుగవలెను, సమాధానము చెప్పు తెలుగు పుస్తకము ఈ బీరువాలో నుండవలెను. రజతోత్సవ వేళ మనము పూనవలసిన దీక్ష యిదియే.