బీరువాలో ఉన్న ఆయుధం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా పనిచేసినవాణ్ణి. నాకు తెలిసింది ఆయుధాల గది. మనలో కొందరికి లైసెన్సు రివాల్వర్లు ఉన్నాయి కనుక వాటి సంరక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

మొదట ఒక మాట. ఆయుధం వాడకం వల్ల కంటే వాడకపోవడం వల్లే ఎక్కువ చెడుతుంది. సర్వీసులో ఉన్నప్పుడు వారం వారం తనిఖీ ఉండేది, చిందీ గుడ్డ పట్టుకుని కూర్చోక తప్పేది కాదు. రిటైరయ్యాక ఆ రివాల్వరు బీరువాలో పట్టుచీరల కిందికి చేరుతుంది. లైసెన్సు రెన్యువల్ నాటికి గానీ బయటికి రాదు. ఈలోగా తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

ఇనుముకు గాలి, తేమ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే మరీ త్వరగా పడుతుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉన్నవారికి ఈ సంగతి కిటికీ ఊచలే చెబుతాయి. మన చేతి చెమటలోనూ ఉప్పు ఉంది. రివాల్వరును ఎవరికైనా చూపించి అలాగే లోపల పెట్టేస్తే, కొన్నాళ్ళకు వేలిముద్రలు ఎర్రటి మచ్చలుగా తేలుతాయి. పైన కనిపించే నల్లని పూత చాలా పలుచనిది. దాని మీద నూనె పొర లేకపోతే అది ఒక్కటే తుప్పును ఆపలేదు.

ఇక శుభ్రం చేయడం. అన్నిటికంటే ముందు ఆయుధం ఖాళీగా ఉందో లేదో చూడాలి. "ఖాళీదే" అని ఎవరు చెప్పినా నమ్మకూడదు, చివరిసారి మనమే ఖాళీ చేసి పెట్టినా సరే. రివాల్వరు తెరిచి అన్ని గదులూ వెలుతురులో చూడాలి. పిస్టలైతే ముందు మ్యాగజైను తీయాలి, ఆ తర్వాతే స్లైడు వెనక్కి లాగాలి. ఈ వరుస తారుమారైతే, ఛాంబరులోని తూటా బయటపడి, మ్యాగజైనులోంచి మరొకటి లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. మనం ఖాళీ చేశాననుకుంటాం. "శుభ్రం చేస్తుండగా పేలింది" అని పేపర్లో వచ్చే వార్తల వెనుక చాలాసార్లు ఉండే పొరపాటు ఇదే. స్లైడు వెనక్కి లాగి పట్టుకుని, కంటితో చూసి, వేలుపెట్టి తడిమి చూడాలి. తూటాలను వేరే గదిలో పెట్టి తలుపు వేయాలి. మనవలు ఇంట్లో ఉన్న రోజున ఈ పని పెట్టుకోకండి.

మనవారి దగ్గర తరచు కనిపించేది కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన .32 రివాల్వరు. పాత వెబ్లీ పద్ధతిలో మధ్యకు విరిచినట్లు తెరుచుకుంటుంది. అలా తెరిచినప్పుడు గొట్టాన్ని వెనుక వైపు నుంచి శుభ్రం చేయవచ్చు. ముందు నుంచి రాడ్డు దూర్చి ఇష్టమొచ్చినట్లు రుద్దితే గొట్టం మూతి అంచు అరుగుతుంది, గురి చెడుతుంది. ముందు సాల్వెంటుతో తడిపిన గుడ్డ, తర్వాత ఇత్తడి బ్రష్షు, ఆపైన పొడి గుడ్డ. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా ఇదే వరుస. సిలిండరులోని ఆరు గదులకూ అంతే. వాడిన తూటా గొట్టాలను పైకి నెట్టే నక్షత్రాకారపు ముక్క కింద మసి పేరుకుంటుంది. అక్కడ శుభ్రం చేయకపోతే సిలిండరు బిగుసుకుపోతుంది.

పాతవారికి .303 రైఫిలు గొట్టంలో గరాటా పెట్టి మరిగే నీళ్ళు పోసిన రోజులు గుర్తుండే ఉంటాయి. అప్పటి తూటాల క్యాపులో వాడిన మందు కాలాక గొట్టంలో ఒక రకం ఉప్పు మిగిలేది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. అందుకే ముందు నీళ్ళు పోయడం, ఆరబెట్టడం, తర్వాత నూనె పెట్టడం.

నూనె విషయంలో మనవారిది ధారాళమైన చెయ్యి. ఎక్కువ నూనె దుమ్మును పట్టి రుబ్బుడు పిండిలా తయారై భాగాలను అరగదీస్తుంది. తూటా క్యాపులోకి దిగితే అది పేలకుండా పోవచ్చు. తెరుచుకునే కీలు దగ్గర ఒక చుక్క, గొళ్ళెం దగ్గర ఒక చుక్క, సిలిండరు తిరిగే ఇరుసు మీద ఒక చుక్క, పిస్టలైతే స్లైడు జారే గాడుల్లో తలా ఒక చుక్క చాలు. గొట్టం లోపల, పైభాగమంతటా నూనె గుడ్డతో తుడిచిన పలుచని పొర ఉండాలి. కాల్చే ముందు గొట్టంలోని నూనెను పొడి గుడ్డతో తీసేయాలి.

గన్ ఆయిల్ దొరకకపోతే కుట్టుమిషను నూనె ఫరవాలేదు. కొబ్బరినూనె, ఆముదం మాత్రం వద్దు. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, ఆముదం జిడ్డుగా పేరుకుంటుంది. కిరసనాయిలు మురికిని వదిలిస్తుంది గానీ ఆరిపోయాక కాపాడదు. తుప్పు కనిపిస్తే గరుకు కాగితం పెట్టకండి, నల్లపూత కూడా పోతుంది. నూనె రాసి రాత్రంతా ఉంచి, మర్నాడు ముతక గుడ్డతో రుద్దండి. గుంటలు పడితే లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకే చూపించండి.

అందరూ చేసే పొరపాటు మరొకటుంది. తోలు హోల్‌స్టర్ నడుముకు పెట్టుకోవడానికి, దాచడానికి పనికిరాదు. తోలు తేమను పీలుస్తుంది, దాన్ని పదునుచేసిన మందుల శేషం అందులో ఉంటుంది. ఒక రిటైర్డ్ అధికారిగారి రివాల్వరు మూడు వర్షాకాలాలు హోల్‌స్టర్‌లోనే ఉండిపోయింది. తీసి చూస్తే దాని కుట్ల వరుస ఉక్కు మీద అచ్చుగుద్దినట్లు తుప్పుగా దిగింది. తూటాలు కూడా తోలు బెల్టులో చిలుము పట్టాయి. పొడి కాటన్ గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో తాళం వేసిన పెట్టెలో ఉంచండి, తూటాలు వేరే చోట పెట్టండి. మామూలు రోజుల్లో నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి తీసి తుడవండి. ఎన్నికలప్పుడు స్టేషనులో డిపాజిట్ చేసేముందు నూనె పొర పెట్టండి, తిరిగి తెచ్చుకున్న రోజే మళ్ళీ శుభ్రం చేయండి.

చివరిగా ఇక్కడికి వచ్చిన సోదరీమణులకు, పిల్లలకు ఒక మనవి. లైసెన్సుదారు కాలం చేస్తే ఆ ఆయుధం ఇంట్లో జ్ఞాపకంగా ఉంచుకునే వస్తువు కాదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. మీరు తెరవడానికి ప్రయత్నించవద్దు. స్టేషనుకు కబురు చేసి, తెలిసినవారి చేత ఖాళీ చేయించండి. వారసులు తమ పేర లైసెన్సుకు తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2019 సవరణ తర్వాత సామాన్యంగా ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదని, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయిందని కూడా గుర్తుంచుకోండి.

గడువు ఐదేళ్ళయింది కదా అని బీరువా కూడా ఐదేళ్ళకోసారే తెరవకండి. లైసెన్సు కాగితం ఎక్కడుందో, తాళంచెవి ఎక్కడుందో, తూటాలు ఎన్ని ఉన్నాయో ఇంట్లో నమ్మకమైన ఒక పెద్దవారికి ఈ వారమే చెప్పి ఉంచండి.