సాయం సరే, కూలి మాటేమిటి?

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సమాఖ్య ఆదాయ వ్యయాలు కోశాధికారి గారు ఇప్పటికే చదివి వినిపించారు. ఆ లెక్కల్లో కనపడని ఒక సంగతి మా కమిటీ తరఫున మీ ముందు పెడుతున్నాం. ఈ ఏడాది బియ్యం అప్పు తీసుకున్న సభ్యుల జాబితాను, పోయినేడాది జాబితాను పక్కపక్కన పెట్టి చూశాం. చాలా పేర్లు రెండింటిలోనూ ఉన్నాయి. వాళ్లెవరూ పని లేక ఇంట్లో కూర్చున్నవాళ్లు కాదు. నాట్లకు, కలుపుకు, మిరపకోతకు, ఇటుక బట్టీలకు పోయేవాళ్లే. పనిచేస్తూనే ఉన్నారు, బియ్యానికి మళ్లీ మన దగ్గరికే వస్తున్నారు. ఎందుకని?

ఈ ప్రశ్న మనకే కొత్తగా రాలేదు. నూరేళ్ల కిందట అమెరికాలో కాథలిక్ సేవా సంఘాల్లో పనిచేసినవాళ్లు కూడా ఇదే అడిగారు. జవాబును లెక్క రాసి మరీ వెతికారు, దాన్ని ప్రభుత్వం దాకా తీసుకుపోయారు. మనలో చర్చికి పోయేవాళ్లు ఉన్నారు, గుడికి పోయేవాళ్లు ఉన్నారు, నమాజు చేసేవాళ్లు ఉన్నారు. మేం చెప్పేది మతం గురించి కాదు. వాళ్లు పనిచేసిన పద్ధతి గురించి.

1891లో పోప్ 13వ లియో కార్మికుల పరిస్థితి మీద ఒక లేఖ రాశారు. ఇద్దరూ ఒప్పుకున్న రేటే అయినా, పొదుపుగా బతికే కార్మికుడికి అది చాలకపోతే న్యాయం కాదని అందులో చెప్పారు. ఆ మాటను అందుకుని జాన్ రయాన్ అనే అమెరికన్ పాదిరి 1906లో జీవన వేతనం మీద ఒక పుస్తకం రాశారు. కూలి అంటే బతకడానికి సరిపడేది అని, దాన్ని చట్టం చేయాలని ఆయన వాదన. ఆయన పాఠం చెప్పిన గురువిద్యాలయంలోనే చదువుకున్న ఎడ్విన్ ఓహారా తర్వాత ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ పట్టణంలో పాదిరిగా పనిచేశారు.

అక్కడ 1912లో ఓహారా, వినియోగదారుల సంఘం వాళ్లు కలిసి ఆడవాళ్ల కూలి మీద సర్వే పెట్టారు. ఆ సర్వే నడిపింది కెరొలిన్ గ్లీసన్ అనే యువతి, టీచరుగా పనిచేసిన ఆవిడ. దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో, లాండ్రీల్లో పనిచేసే ఆడవాళ్ల వివరాలు సేకరించారు. ఎన్ని గంటలు పని, వారానికి ఎంత చేతికొస్తుంది, గది అద్దెకు, తిండికి, బట్టలకు ఎంత పోతుంది అని రాసుకున్నారు. వినడం ఒక్కటే చాలదని గ్లీసన్ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో తానే పనికి చేరి చూసి వచ్చారు.

లెక్క తేలింది. ఆ పట్టణంలో ఒంటరి ఆడమనిషి బతకాలంటే వారానికి 10 డాలర్లు కావాలి. పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్లలో దాదాపు అయిదుగురిలో ముగ్గురికి అంతకంటే తక్కువే వస్తోంది. మరి ఆ మిగతా డబ్బు ఎవరు పెట్టుకుంటున్నారు? తల్లిదండ్రులు పెట్టాలి, లేదా ధర్మసంస్థలు పెట్టాలి, లేదా ఆ మనిషి ఒక పూట పస్తుండాలి. అంటే పేదలకని దాతలు ఇచ్చిన సొమ్ము, చివరికి తక్కువ కూలి ఇచ్చే యజమానికి కలిసొస్తోందన్నమాట. మన బియ్యం అప్పు సంగతి కూడా ఒకసారి ఇలా ఆలోచించి చూడండి.

సర్వే నివేదిక బయటికొచ్చిన 1913లోనే ఒరెగాన్ శాసనసభ కనీస వేతన చట్టం చేసింది. ముగ్గురు సభ్యుల కమిషన్ ఏర్పడింది. ఓహారా అధ్యక్షుడు, గ్లీసన్ కార్యదర్శి. పోర్ట్‌లాండ్ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకు వారానికి 8 డాలర్ల 64 సెంట్లకు తక్కువ ఇవ్వకూడదని, రోజుకు 9 గంటలు, వారానికి 54 గంటలు మించి పని చేయించకూడదని ఆదేశించారు. అడిగింది 10, వచ్చింది అంతకంటే తక్కువే. అయినా కాగితం మీద ఒక హద్దు పడింది.

అక్కడితో అయిపోలేదు. అట్టపెట్టెల ఫ్యాక్టరీ యజమాని ఒకాయన కోర్టుకు పోయాడు. అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ కూడా, ఈ రేటు అమలు చేస్తే తన పని పోతుందని కోర్టుకు పోయింది. ఆవిడను తప్పు పట్టలేం. రేటు పెంచమంటే పక్కూరి నుంచి ఆటోలో మనుషుల్ని దింపుతారనే భయం మనకు తెలియనిదా? 1917లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు నలుగురు అటు, నలుగురు ఇటు అయ్యారు. అందువల్ల చట్టం నిలిచింది. కానీ 1923లో రాజధాని వాషింగ్టన్‌లో ఆడవాళ్ల కనీస వేతన చట్టాన్ని అదే కోర్టు కొట్టేసింది.

మళ్లీ 14 ఏళ్లు పట్టింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్సీ పారిష్ అనే ఆమె ఒక హోటల్లో గదులు శుభ్రం చేసేది. తనకు రావలసిన కనీస వేతనంలో తగ్గించి ఇచ్చిన 216 డాలర్ల 19 సెంట్ల కోసం దావా వేసింది. 1937లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురి తేడాతో ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది, 1938లో, ఆడా మగా తేడా లేకుండా గంటకు 25 సెంట్లు కనీస వేతనంగా దేశమంతటికీ చట్టం వచ్చింది. కానీ అందులో పొలం కూలీలను, ఇళ్లల్లో పనిచేసేవాళ్లను కలపలేదు. అందరికంటే తక్కువ వచ్చేవాళ్లే బయట ఉండిపోయారు.

ఇక మన సంగతి. మన దేశంలో 1948లో వచ్చిన కనీస వేతనాల చట్టం వ్యవసాయ పనిని కూడా తన జాబితాలో చేర్చింది. ఒకే పనికి ఆడవాళ్లకు, మగవాళ్లకు సమాన వేతనం ఇవ్వాలని 1976లో మరో చట్టం వచ్చింది. 2019లో పార్లమెంటు ఇలాంటి నాలుగు చట్టాలను కలిపి వేతనాల కోడ్ చేసింది. పోర్ట్‌లాండ్ వాళ్లు చట్టం కోసం కొట్లాడాల్సి వచ్చింది. మనకు చట్టం ఉంది, మన దగ్గర లేనిది లెక్క. ఆఫీసుకు పోయి “కూలి తక్కువిస్తున్నారు సార్” అంటే, “ఎక్కడ, ఎంత, ఎన్ని గంటలకు?” అని అడుగుతారు. అక్కడ మన నోరు ఆగిపోతుంది.

లెక్క రాయడం మనకు రానిది కాదు. సూక్ష్మ రుణ ప్రణాళిక వేసేటప్పుడు ఇంటింటి ఆదాయం, ఖర్చు రాస్తూనే ఉన్నాం. దానికి ఇంకో పేజీ కలపమని అడుగుతున్నాం. నెలకొకసారి సంఘ సమావేశంలో ప్రతి సభ్యురాలు నాలుగు సంగతులు చెప్పాలి: ఏం పనికి పోయింది, ఎన్ని గంటలు చేసింది, ఎంత ఇచ్చారు, అదే పనికి మగవాళ్లకు ఎంత ఇచ్చారు. గుత్త పనైతే గుత్త ఎంత, ఎంతమంది పంచుకున్నారు అన్నది రాయాలి. పని ఇచ్చినవాళ్ల పేరు రాయొద్దు, కూలీ పేరూ రాయొద్దు. లెక్క ఊరిది, మనిషిది కాదు. ఎవరి పనీ పోకూడదు.

ఒక మాట కొందరు అక్కలు ముందే అడిగారు. “మాకు ఎకరమో రెండెకరాలో ఉంది, మేమూ కూలీలను పిలుస్తాం. మాకే గిట్టుబాటు లేదు, రేటు పెంచితే ఎక్కడి నుంచి తేవాలి?” న్యాయమైన ప్రశ్న. అందుకే వాళ్ల సాగు ఖర్చు కూడా అదే పుస్తకంలో రాద్దాం. ఒరెగాన్ కమిషన్‌లో యజమానుల మాటకూ, కార్మికుల మాటకూ చోటు ఉంది. మన సంఘంలో ఆ ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటారు. మాట్లాడుకోవడం వాళ్లకంటే మనకే సులువు.

బియ్యం అప్పు ఆపమని మేం అనడం లేదు. ఆకలిగా ఉన్నవాళ్లకు చట్టం వచ్చేదాకా ఆగమని చెప్పలేం. కానీ అదే పేరు మూడో ఏడాది కూడా జాబితాలో కనపడితే, బియ్యంతో పాటు ఆమె కూలి సంగతి కూడా అడగాలి.

కాబట్టి ఈ సభలో తీర్మానం పెడుతున్నాం: ఈ నెల నుంచి ప్రతి సంఘం కూలి లెక్క రాయాలి, గ్రామ సంఘం దాన్ని కూడి మండల సమాఖ్యకు పంపాలి, ఏడాది పూర్తయ్యాక ఆ లెక్కతో గ్రామ సభకు, కార్మిక శాఖ అధికారి దగ్గరికి అందరం కలిసి పోవాలి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. సందేహాలున్నవాళ్లు ఇక్కడే అడగండి, మేం ఇక్కడే ఉంటాం.